పేడనీళ్ల బాల్చీ

నేను ఒక బాల్చీని. రేకుతో చేసినదాన్ని. విజయనగరంలో ఒక రేకుపని కొట్టులో పుట్టాను. నన్ను చేసిన మనిషి పేరు నాకు తెలీదు. పని చేసేటప్పుడు అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రేకు కత్తిరించాడు, గుండ్రంగా వంచాడు, అంచు మడిచాడు, అడుగు అతికించాడు. రెండు చెవులు పెట్టి వాటిలో చువ్వ దూర్చాడు. ఆ చువ్వ ఒక చెవిలో వదులుగా కూర్చుంది. అందుకే నేను కదిలితే చప్పుడవుతుంది. నన్ను పట్టుకుని చాటుగా ఎక్కడికైనా వెళ్లడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు.

కొట్టు ముందు తాడుకి వేలాడుతుంటే ఒక రోడ్డు మేస్త్రీ నన్ను కొన్నాడు. లారీలో కొండ ఎక్కాను. అరకు దాటాక ఒక వాగు మీద కల్వర్టు కడుతున్నారు. అక్కడ సిమెంటుకి నీళ్లు మోశాను. కల్వర్టు పూర్తయ్యాక మేస్త్రీ మనుషుల్ని లెక్కపెట్టుకుని లారీ ఎక్కించాడు. నన్నూ, పిడి విరిగిన ఒక పారనీ వాగు ఒడ్డున వదిలేశాడు. కొండ మీదకి తెచ్చిన వాటిని మళ్లీ కిందికి తీసుకెళ్లడం మనుషులకి అలవాటు లేదు.

నన్ను వంతల సోమిలి చూసింది. పారనీ చూసింది. కాసేపు ఆలోచించి నన్ను తీసుకుంది. ఇసకతో తోమి, ఊట నీళ్లతో కడిగి, బూరుగుగొందికి పట్టుకుపోయింది. ముప్పై గడపల గిరిజన ఊరు అది. కొన్నేళ్లు ఆ ఇంటికి నీళ్లు తెచ్చాను. సిమెంటు తిన్న అడుగు ఒకచోట చిల్లు పడింది. ఊట దగ్గర నిండుగా బయల్దేరి గుమ్మం దగ్గరికి సగం అయ్యేదాన్ని. సోమిలి నన్ను పశువుల సాలలో పడేసి పేడ ఎత్తడానికి వాడింది. పేడ ఎండి చిల్లు మూసుకుంది. మంచినీళ్లు నిలవని నాలో పేడనీళ్లు నిలిచాయి. ఇటుకల పండగకి నేను పనికొచ్చింది అలాగే.

ఆ పండగ సంగతి చెప్పాలి. చైత్రంలో వస్తుంది. పొలంలో విత్తనం పడకముందు మగవాళ్లు వేటకి వెళ్లాలి. దుప్పి, కొండగొర్రె, పంది, ఏదీ దొరక్కపోతే కుందేలు. తెచ్చినదాని నెత్తురు చుక్క విత్తనాల్లో కలిపితే పంట నిలబడుతుందని నమ్మకం. వట్టి చేతులతో వచ్చినవాళ్లని ఆడవాళ్లు ఊరి మొదట్లోనే ఆపి పేడనీళ్లు పోస్తారు. నోటికొచ్చింది అంటారు. ఆ తిట్లకి ఎవరూ కోపం తెచ్చుకోకూడదు.

దానికీ వరస ఉంది. వదిన మరిది మీద పోస్తుంది, మరదలు బావ మీద పోస్తుంది. సొంత మొగుడి మీద ఆడది పొయ్యదు. అల్లుడి మీద అత్తామామలు పొయ్యరు. బూరుగుగొందిలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పేడనీళ్లు పడ్డ మగవాడు తానం చేసి ఇంట్లో కూర్చోవాలి. పండగ పోయేదాకా విల్లు ముట్టకూడదు.

వేట నేరమని చెప్పడానికి పండగ ముందు అటవీ శాఖ జీపు వచ్చేది. ఊరివాళ్లు తలలు ఊపేవాళ్లు. జీపు మలుపు తిరిగేదాకా ఊపేవాళ్లు. నిజానికి జీపు చెప్పిన మాటని అడవి ఎప్పుడో విన్నది. దుప్పులు తగ్గాయి, పందులు తగ్గాయి. కొన్నేళ్లు ఒక్క కుందేలు చుట్టూ ఊరంతా ఆడింది. తగ్గనివి సోమిలి తిట్లు.

ఆమె నోటికి పక్క ఊళ్లలో కూడా పేరుంది. నన్ను చంకలో పెట్టుకుని దారికి అడ్డం నిలబడేది.

"ఓ మరిదీ, దుప్పి నీకు దండమెట్టి ఎల్లిపోనాదా? నువ్వేటి, కాలు నొక్కి సాగనంపినావా? ఆ విల్లు ఇలాగియ్యి, తడిగుడ్డలు ఆరేసుకుంటాను."

అని నన్ను ఎత్తేది. ఆ మరిది పరిగెత్తేవాడు. పరిగెత్తినా తడిసేవాడు. ఆమె గురి అలాంటిది.

ఆమెకి ఒక ధైర్యం ఉండేది. ఆమె మొగుడు వంతల సుక్రు ఎప్పుడూ వట్టి చేతులతో రాలేదు. పెళ్లయిన ఏటి నుంచి వేటకి ముందు నడిచేవాడు అతనే. దారి అతను చూపించాలి, జంతువు బయటికొచ్చే సందులో విల్లు పట్టుకుని అతను నిలబడాలి, మొదటి బాణం అతను వెయ్యాలి. మిగతా ఆడవాళ్లు మూతి తిప్పుకునేవాళ్లు. "మొగుడు తడవడు కాబట్టి దీని నోటికి మూత లేదు" అనేవాళ్లు. సోమిలికి ఆ మాట కూడా ఇష్టమే.

నేను చెప్పదలచుకున్నది ఒక్క ఏటి సంగతి.

ఆ ఏడు వేటకి పనులు ఎప్పటిలాగే మొదలయ్యాయి. వెదురు కొట్టుకొచ్చారు. పుల్లల్ని నిప్పు మీద కాచి వంకర తీశారు. కమ్మరి దగ్గర ములుకులు సాగదీయించారు. సుక్రు అరుగు మీద కూర్చుని బాణాలకి కోడి ఈకలు కట్టేవాడు. ఆ పనికి అతనికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. అందుకని ఎవరికీ ఏమీ తెలియలేదు. నేను అరుగు కిందే ఉండేదాన్ని. నాకూ తెలియలేదు.

ముందుగా నాకు తేడా తోచింది అల్లుడు వచ్చినప్పుడు. అతని పేరు పాంగి బుద్రు, సోమిలి వాళ్ల ఒక్క కూతురు రస్మోకి మొగుడు. అదే ఊరు, నాలుగిళ్ల అవతల కాపురం. రస్మోకి నెలలు నిండుతున్నాయి. బుద్రు రోజూ వచ్చి అరుగు ఎదురుగా నిలబడేవాడు. సుక్రు తల ఎత్తి చూసి ఏమీ అనేవాడు కాదు. బుద్రు "మావా" అన్నాకే "రా అల్లుడా" అనేవాడు. ఒకసారి బుద్రు ఏమీ అనకుండా నిలబడ్డాడు, చుట్ట నోట్లో ఉంది కాబట్టి. సుక్రు "ఎవల్రా?" అన్నాడు.

వాకిలి ఊడుస్తున్న సోమిలి చీపురు ఆపింది. మళ్లీ ఊడ్చింది.

పండగ దగ్గరపడ్డాక విల్లు చూసుకునే రోజు వచ్చింది. కోసిన పొలం చివర అరటి బోదె పాతి, మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బాణం వేస్తారు. ఆడవాళ్లు పనులున్నట్టు అక్కడే తిరుగుతారు. సోమిలి నన్ను పట్టుకుని పెంట మోసే నెపంతో వెళ్లింది. డొంబు వేశాడు, బోదెకి తగిలింది. డొంబు సోమిలి తమ్ముడు. సుక్రు తర్వాత ముందు నడవాల్సింది అతనేనని ఊళ్లో అనుకునేవాళ్లు. తర్వాత సుక్రు వంతు. అతను పాదం సర్దుకుని, విల్లు లాగి, వదిలాడు. బాణం బోదె పక్కనుంచి పోయి, రాటకి తగిలించిన కల్లులో దిగింది.

"కల్లు పోనాదిరో!" అని మగవాళ్లు గోలెట్టారు. "అందరూ బోదె కొడతారు, మా సుక్రన్న కల్లు కొడతాడు!" అని ఒకడు చిందేశాడు. కావాలనే కొట్టాడనుకున్నారు. సుక్రు నవ్వాడు. అందరి కంటే కాస్త వెనకగా నవ్వాడు. ఏం తగిలిందో చెవిన పడ్డాక నవ్వాడు. అది సోమిలి గమనించింది. నా చువ్వ ఆమె పిడికిట్లో గట్టిగా ఇరుక్కుంది.

సాయంత్రం పొయ్యి దగ్గర అడిగింది.

"దేన్ని కొట్టినావు నువ్వు?"

"సూసినావు కదే. కల్లు కుండని."

"అది కుండ కాదు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా."

సుక్రు చేతిలో బాణం ఉంది. ఈక కట్టిన దారాన్ని విప్పాడు, మళ్లీ కట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది సోమిలి.

"గింజలు నూర్చినప్పటినుంచి. మబ్బు అడ్డొచ్చినట్టుంటది. ఎవలికీ సెప్పకు. ఈ ఏడొక్కటీ ఎల్లొస్తాను. ఆనక మీ తమ్ముడికే ఇచ్చెస్తాను."

"ఈ ఏడు తోలేది ఎవలు?"

అడవిలో తోలే జట్టు వేరు. వాళ్లు కింది నుంచి డప్పులు కొడుతూ, కేకలేస్తూ, పొదలు కదిలిస్తూ పైకి వస్తారు. వాళ్ల ముందు జంతువు పరిగెత్తుతుంది. పైన సందులో విల్లు పట్టుకున్నవాడి ఎదటికి మొదట జంతువు వస్తుంది, దాని వెనకే మనుషులు వస్తారు.

"బుద్రు జట్టు" అన్నాడు సుక్రు.

"పొద కదిలితే దుప్పో, అల్లుడో నీకెలా తెలుస్తాది?"

"ఆడు కేకలేస్తాడు కదేటి. సెవులు పోలేదు నాకు."

"అస్తమానూ కేకలేస్తాడేటి? దగ్గుతాడు, ఉమ్ముతాడు, సుట్ట ముట్టించుకుంటాడు!"

"ఊరుకోయే" అని అతను లేచి బయటికి వెళ్లాడు. గుమ్మం తడుముకోకుండానే వెళ్లాడు. ఆ ఇంట్లో అతనికి ప్రతి గుమ్మం తెలుసు. అడవిలో కూడా తెలుసు గానీ, అక్కడ గుమ్మాలు కదులుతాయి.

ఆ వారం సోమిలి నిలకడగా ఒకచోట కూర్చోలేదు. నన్ను ఎత్తేది, ఏమీ నింపకుండానే దించేది. సాలకి వెళ్లి పేడ ఎత్తకుండా వచ్చేది. అన్నం వార్చి గంజి నేల మీద పోసింది. పిలవకుండానే రస్మో ఇంటికి వెళ్లి, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చింది. నేను ఆమె చేతిలోనే ఉన్నాను కాబట్టి నా చప్పుడుకి ఊళ్లో కుక్కలన్నీ లేచాయి.

ఒకరోజు దిసారి దగ్గరికి వెళ్లింది. దిసారి అంటే నక్షత్రాలు చూసి వేటకి పొద్దు పెట్టే పెద్దమనిషి. నన్ను అతని వాకిట్లో దించింది.

"బాబూ, మా ఇంటాయనకి ఈ ఏడు పొద్దు బాగులేదని సెప్పు."

"బాగానే ఉందే."

"బాగులేదని సెప్పమంటన్నాను."

దిసారి ఆమె కేసి చూశాడు. "నానిప్పుడు నీ మాట ఇని నచ్చత్రాన్ని తిప్పితే, రేపు ఇంకోడొస్తాడు. ఆడికీ తిప్పాల. ఆనక పొద్దు ఎవలు సెప్తారు? ఏటొచ్చింది నీకు?"

ఆమె చెప్పలేదు. చూపు పోయిందంటే ఆ మాట ఆ పూటకే ఊరు దాటుతుంది. పేడనీళ్లు ఒక తానంతో పోతాయి. గుడ్డివాడన్న పేరు పోదు. అడవిలో ముందు నడిచినవాడు ఆ పేరుతో ఊళ్లో ఎలా తిరుగుతాడు? నన్ను ఎత్తుకుని వచ్చేసింది.

అల్లుడి దగ్గరికి వెళ్లింది. అతనికి చెప్పక తప్పలేదు. బుద్రు విని గోడకేసి తిరిగాడు.

"నువ్వీ ఏడు తోలడానికి ఎల్లకు" అంది.

"నానెల్లకపోతే ఇంకోడెల్తాడు అత్తా. ఆడూ మనిసే."

"అయితే మీ మావకి నువ్వే సెప్పు, సందులో నిలబడొద్దని."

"నానా? అల్లుణ్ణి. ఆ మాటన్నాక మావ మొకం ఎలా సూస్తాను?"

"నీ మొకం ఆయనకి అవుపిస్తే కదా, నీకా బెంగ!"

బుద్రు నవ్వబోయి ఆగిపోయాడు. సోమిలి కూడా అన్నాక నాలుక కరుచుకుంది. తిట్టడం అలవాటైన నోరు, ఎక్కడ ఆగాలో దానికి తెలీదు.

వేట రోజు వచ్చింది. కోళ్లు కూస్తుండగానే సోమిలి నన్ను సాలలోకి తీసుకెళ్లింది. పేడ వేసింది, నీళ్లు పోసింది, చేత్తో కలిపింది. నాకు ఆశ్చర్యమేసింది. ఈ పని ఎప్పుడూ పొద్దు వాలాక చేస్తారు. పక్కింటి ముసలామె గుమ్మంలోంచి చూసింది.

"ఇంకా ఆళ్లు ఎల్లనేలేదు. అప్పుడే ఏటే?"

"పేడ నానాల అత్తా. ఈ ఏడు సిక్కగా ఉండాల."

"నీ మొగుడికి కాదు కదా, నీకేటిలే" అని ముసలామె నవ్వింది.

ఊరి మొదట్లో దేవత రాయి దగ్గర మగవాళ్లు వరసగా నిలబడ్డారు. విళ్లు రాయికి ఆనించి తీసుకున్నారు. దిసారి బియ్యం చల్లాడు. డప్పు మొదలైంది. అందరికంటే ముందు సుక్రు. భుజాన విల్లు, వీపున బాణాలు. వెనక డొంబు, తలకి ఎర్ర తువ్వాలు. తోలే జట్టులో బుద్రు. రస్మో దూరంగా రాతి మీద కూర్చుంది. వాళ్లు కాలు కదపబోతుండగా సోమిలి బయల్దేరింది.

నా చువ్వ కొట్టుకుంది. అందరూ తిరిగి చూశారు. ఆమె ఆగకుండా నడిచింది. సుక్రు ఎదురుగా నిలబడి, నన్ను రెండు చేతులతో ఎత్తి, ఉన్నదంతా అతని నెత్తి మీద పోసింది.

డప్పు ఆగింది. పేడనీళ్లు అతని జుట్టులోంచి గడ్డం మీదికి, గడ్డం మీంచి విల్లు మీదికి కారాయి. బాణాల ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"ఏటే ఇది?" అన్నాడు సుక్రు. గట్టిగా అనలేదు.

"వట్టి చేతుల్తో వస్తావు నువ్వు. నాకు తెలుసు. సందేలదాకా ఎవలు కాస్తారు? ఇప్పుడే పోసీసినాను."

తిట్టేటప్పుడు ఆమె గొంతు పాటలా ఉండేది. ఆ పూట అలా లేదు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. మొగుడి మీద పోసింది, వరస తప్పిందని ముసలామె అంది. వేటకి వెళ్లనివాడి మీద పోస్తే అది పోసినట్టు కాదని ఒకడు అన్నాడు. పోశాక పోసినట్టు కాకపోవడమేంటని ఇంకొకడు అన్నాడు. కోర్టు కొండ కింద ఉందని అంటారు గానీ, మనుషులు ముగ్గురు చేరిన ప్రతిచోటా అది ఉంటుంది. చివరికి వెనక నుంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"తమ్ముడికి ముందు నడక ఇప్పించడానికి మొగుణ్ణి తడిపినాది. ఇదంతా అందుకే."

ఆ మాటకి డొంబు మొహం తువ్వాలు రంగుకి తిరిగింది. "అప్పా, నాకొద్దే. నానడిగినానా నిన్ను?" అన్నాడు. సోమిలి తమ్ముడి కేసి చూడలేదు. అన్నవాళ్ల కేసి కూడా చూడలేదు. ఎప్పుడూ ఒకటికి నాలుగు అనే మనిషి నన్ను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

దిసారి ముందుకొచ్చాడు. ఆమెను చూశాడు, సుక్రుని చూశాడు, సుక్రు చూపు తన మీద కాకుండా తన పక్కనున్న చెట్టు మీద ఉండటం చూశాడు. అతను అప్పుడే గ్రహించాడని నా అనుమానం.

"నీళ్లు పడ్డాయా, లేదా?"

"పడ్డాయి" అన్నారు.

"పడ్డోడు విల్లు ముట్టకూడదు. పొద్దు దాటిపోతన్నాది. డొంబూ, ముందు నడు."

సుక్రు చేతిలోంచి విల్లు దిసారే తీసుకుని రాయికి ఆనించాడు. డప్పు మళ్లీ మొదలైంది. జట్టు కొండెక్కింది.

సుక్రు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తానం చెయ్యలేదు. రస్మో నీళ్లు తోడి పెట్టింది.

"నాన్నా, లెగు."

"నానెందుకు తానం సెయ్యాల? వేటకెల్లి వట్టి చేతుల్తో వచ్చినోడు సేస్తాడు తానం. నాను ఎల్లనేలేదు."

పేడ అతని ఒంటి మీదే ఎండింది. ఈగలు ముసిరాయి. పైనుంచి డప్పు వినిపించినప్పుడల్లా తల ఎత్తేవాడు. "లోవ దిగినారు" అనేవాడు. "అటు కాదెహె, గాలి ఎదురు" అనేవాడు. అరుగు దిగేవాడు, ఎక్కేవాడు. సోమిలి అన్నం పెట్టి పక్కన కూర్చుంది. అతను కంచం ముట్టలేదు. ఆమె కూడా తినలేదు. దారికి అడ్డంగా తాడు కట్టి, పోయేవాళ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతూ ఆడుతున్న ఆడవాళ్లు ఆమెను పిలవలేదు. పండగ నాడు సోమిలిని పిలవకపోవడం ఆ ఊళ్లో అదే మొదలు.

కొండ మీద ఒకసారి కేకలు పెద్దవయ్యాయి. కొండగొర్రె అరుపు ఊళ్లోకి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. సోమిలి లేచి గుమ్మం పట్టుకుంది. రస్మో తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో ఏం జరిగిందో తెలియక ముగ్గురూ మూడు వైపులు చూశారు. నాకు మాత్రం ఒకటి తెలుసు. సందులో ఉన్నది డొంబు, అతని కళ్లు బాగానే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా జట్టు దిగింది. జంతువుని కట్టి తేవాల్సిన కర్రని ఖాళీగా మోసుకుంటూ దిగింది. కొండగొర్రె పక్క లోవలోకి తప్పించుకుపోయింది. ఆడవాళ్లు ఈలలు వేశారు. బాల్చీలు, బుంగలు, తప్పేలాలు లేచాయి. సోమిలి అప్పటికే నన్ను నింపింది. ఎందుకు నింపిందో నాకు తెలీదు, చేతులకి అలవాటు కావచ్చు. దారి పక్కకి వచ్చి ఒక్కతీ నిలబడింది.

అప్పుడు సుక్రు అరుగు దిగి నడిచి వచ్చాడు. ఎండిన పేడతో, నెత్తి మీద గడ్డిపరకలతో. జనం దారి ఇచ్చారు.

"ఇలాగియ్యి" అని చెయ్యి చాచాడు. "నానూ పోస్తాను. ఈ ఏడు నాను మీ జట్టే కదేటి. డొంబు నా బావమరిది, వరసైనోడే."

పొద్దున్నుంచి బిగిసిపోయిన ఊరు ఒక్కసారిగా వదులైంది. "పొయ్యి మావా, పొయ్యి!" అని కుర్రకారు కేకలేశారు. సుక్రు సర్దుకున్నాడని అనుకున్నారు. సోమిలి నన్ను వెంటనే ఇవ్వలేదు. అతని చెయ్యి గాలిలో అలాగే ఉంది. ఇచ్చింది.

"ఒరే డొంబూ, పారిపోకు. నిలబడు."

డొంబు నిలబడ్డాడు. బావ కోపం తీరితే చాలనుకున్నాడేమో, నవ్వుతూ తల వంచాడు. ఎర్ర తువ్వాలు ఎదురుగా ఉంది. బుద్రు కొంచెం ఎడంగా, కర్ర కింద పెడుతూ ఉన్నాడు. ఇద్దరూ మాట్లాడలేదు. సుక్రు పాదం సర్దుకున్నాడు. నన్ను వెనక్కి లాగి విసిరాడు.

నీళ్లు బుద్రు ఛాతీకి తగిలాయి.

"అల్లుడి మీద పోసేడ్రో!" అని నవ్వులు. మామ అల్లుడి మీద పొయ్యడం ఎవరూ ఎరగని తమాషా. ఆడవాళ్లు చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆ గోలలో మాటలు కలిసిపోయాయి. సుక్రు కూడా నవ్వాడు.

"ఎలాగున్నాది డొంబూ?"

"బావా" అంది డొంబు గొంతు, పక్కనుంచి. "నానిక్కడున్నాను."

సుక్రు నవ్వు ఆగిపోయింది.

"మరెవలు తడిసినారు?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. బుద్రు ఒంటి మీంచి నీళ్లు కారుతుండగా నిలబడ్డాడు. తుడుచుకోలేదు.

"నాను మావా" అన్నాడు.

సుక్రు నన్ను కింద పడేశాడు. నేను దొర్లి రాయికి తగిలి ఆగాను. అక్కణ్ణుంచి చూశాను. అతను రెండు చేతులూ ముందుకి చాచి నడిచాడు. ఇంక దాచడానికి ప్రయత్నించలేదు. అల్లుడి భుజం తగిలింది, భుజం మీంచి చెయ్యి కిందికి దించాడు.

"ఎక్కడ తగిలినాది?"

బుద్రు మామ చెయ్యి పట్టుకుని తడి మీద పెట్టాడు.

"ఇక్కడా?"

"ఇక్కడే."

అరచెయ్యి ఎడమ రొమ్ము మీద ఆగింది. అతను దాన్ని తియ్యలేదు. ఊరు ఊరంతా చూస్తూ నిలబడింది. ముసలామె చేతిలో బుంగ ఒరిగి నీళ్లు కారిపోతున్నా ఆమె చూసుకోలేదు.

"సోమిలీ" అన్నాడు కాసేపటికి. ఆమె లేని వైపుకి తిరిగి అన్నాడు. "నీళ్లు కాచు. తానం సేస్తాను."

ఆమె పరిగెత్తింది. నన్ను రాయి దగ్గరే మరిచిపోయింది. మర్నాడు రస్మో వచ్చి తీసుకెళ్లింది.

పండగయ్యాక కింద ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. లోపలి నరం ఎండిపోయింది, కోసి లాభం లేదన్నారు. నల్లద్దాలు ఇచ్చారు. సుక్రు వాటిని మేకుకి తగిలించాడు. తమ్ముడి కోసమే చేసిందన్న మాట కొందరు మానేశారు. కొందరు ఇప్పటికీ అంటారు. గుడ్డివాడన్న పేరు కూడా వచ్చింది, వచ్చిన చోటే ఉండిపోయింది, దానితోనే అతను ఊళ్లో తిరిగాడు. రస్మోకి మొదటివాడు పుట్టాడు, తర్వాత ఇంకొకడు. ఏటా వేట రోజున సోమిలి నన్ను రస్మోకి ఇచ్చి ఇంట్లో కూర్చునేది. రస్మో గురి మంచిదే గానీ నోరు లేదు. ఆడవాళ్లు పాత తిట్లు తలుచుకునేవాళ్లు.

మొగుడూ పెళ్లాల మధ్య ఆ రోజు సంగతి మళ్లీ రాలేదు. అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు. క్షమించాడో లేదో ఆమెకి తెలీదు. నా చువ్వ చప్పుడైతే అతను మాట మధ్యలో ఆగేవాడు. అందుకని ఆమె నన్ను చువ్వ పట్టి కాకుండా చంకలో పెట్టుకుని మోసేది. అన్నేళ్లూ అలాగే మోసింది.

ఎండాకాలంలో ఒకరోజు సైకిలు మీద పాత సామాన్లవాడు వచ్చాడు. నా అడుగు అప్పటికి పేడకి కూడా ఆగడం లేదు. ప్లాస్టిక్ బాల్చీ ఒకటి దించి, నన్ను తీసుకున్నాడు. అతనికేం తెలుసు, చువ్వ పట్టుకుని ఎత్తాడు. చప్పుడైంది. సుక్రు అరుగు మీద తల ఎత్తాడు. గుమ్మంలో సోమిలి కదలకుండా నిలబడింది.

"ఏటది, బాల్చీయేనా?" అన్నాడు సుక్రు.

"ఔను తాతా. చిల్లుది."

"జాగర్తరా బాబూ. దాన్ని నాను ఒకలి మీద పోస్తే ఇంకొకలి మీద పడ్డాది."

పాత సామాన్లవాడికి అర్థం కాలేదు. గుమ్మంలో సోమిలికి అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, నవ్వింది. తర్వాత ఆమె పాత గొంతు వినిపించింది, తిట్లకి పెట్టింది పేరైన గొంతు.

"ఓ ముసిలోడా, నీ గురి సెప్పుకోడానికి నీకు సిగ్గు లేదేటి?"

"లేదే" అన్నాడు అతను. "రా, ఇలాగొచ్చి కూకో."

నేను సైకిలు వెనక బుట్టలో తలకిందులుగా ఊరు దాటాను. ఇప్పుడు శృంగవరపుకోటలో ఒక ఇనప సామాన్ల కుప్పలో ఉన్నాను. పైన ఒక ఫ్యాను రెక్క, కింద సైకిలు చైను. నన్ను ఎప్పుడు కరిగిస్తారో చెప్పలేదు. ఆమె అరుగు మీద కూర్చుందో లేదో నేను చూడలేదు. సైకిలు మలుపు తిరిగింది.